ఇరవై మూడో ముచ్చట కింద నేను రాసిన వ్యాఖ్య

సూర్యాపేటలో నేను బ్లాగు మొదలుపెట్టింది 2009 ఆగస్టు 3న, సోమవారం. లెక్కల టీచరుగా రిటైరై అప్పటికి మూడేళ్లు. మా ఆయన పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఎందుకు మొదలుపెట్టానో చెబితే కొందరు నవ్వుతారు. ఆ ఏడాది జూన్‌లో ఒకరోజు, పొద్దున లేచినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా నేను పైకి పలికిన మాటలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి వచ్చాయి. పాలామెతో పదకొండు, కూరగాయల బండి దగ్గర పదహారు, పొరపాటున తలుపు కొట్టి ఈ ఇల్లు కాదని వెళ్లిపోయిన మనిషితో నాలుగు. ముప్పై నాలుగేళ్లు బడిలో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడినదాన్ని. మరునాడే వెళ్లి కంప్యూటర్ సెంటర్లో ఆరు వారాల కోర్సులో చేరాను. ఆ క్లాసులో నా తర్వాత పెద్దామె వయసు ఇరవై ఆరు.

బ్లాగులో మా వీధి గురించి రాశాను. ఏ ఇల్లు ఏ ఏడు కట్టారు, వీధిలో మొదటి కరెంటు స్తంభం ఎప్పుడు వేశారు, కుళాయి ఏ రోజు వచ్చింది. నాకు తారీఖులు గుర్తుంటాయి, గుర్తులేనివి డైరీల్లో ఉంటాయి. ఇవన్నీ రాసిపెడితే వీధివాళ్లు, వీధి వదిలి వెళ్లినవాళ్లు వచ్చి చదువుతారని, నాలుగు మాటలు రాస్తారని అనుకున్నాను. ఎవరూ రాలేదు. బ్లాగు అడుగున వచ్చిపోయేవాళ్లను లెక్కపెట్టే మీటరు ఒకటి పెట్టుకున్నాను. రోజుకు నలుగురని చూపించేది. రెండు నెలల తర్వాత అందులో ముగ్గురు నేనేనని తేలింది. నేను తెరిచిన ప్రతిసారీ అది నన్నూ కలుపుకుంటోంది.

ఆ నాలుగో మనిషి మిర్యాలగూడ ఆమె.

నలభై లోపు వయసు. భర్త రైస్ మిల్లులో గుమాస్తా. ఆమెకూ ఒక బ్లాగు ఉంది. ‘మా అత్తమ్మ ముచ్చట్లు’ అని నంబర్లు వేసి రాసేది. గొర్రెలు కాసి, బర్రెలు పెంచి, కొడుకు వెంట మిర్యాలగూడ వచ్చిపడ్డ అత్తగారి కథలు. సాగర్ గేట్లెత్తితే చూద్దామని చుట్టాలు తీసుకెళ్తే ఆ అత్తగారు అక్కడి గార్డును పట్టుకుని, "ఇన్ని నీళ్లు సముద్రంల పోసెటోళ్లకు మా కాల్వకు పది దినాలు ఇడువనీకి చేతగాదా?" అని తిట్టిన కథ ఏడోది. అది చదివి నేను ఒంటరిగా కూర్చుని పైకి నవ్వాను.

ఆమె నా బ్లాగుకు వచ్చి రాసిన మొదటి వ్యాఖ్య ఇది: "అక్కా, కుళాయి ఏ రోజు వచ్చిందో రాసినవు. ఆ నీళ్లు నోట్ల పోసుకుంటే ఎట్లున్నయో రాయలే."

రెండు రోజులు ఆలోచించి జవాబు రాశాను. మొదటి మూడు బిందెలు తుప్పు నీళ్లు ఎర్రగా వచ్చాయని, కుళాయి నీళ్లు కదా అని వాటినీ వడగట్టి తాగామని. ఆ సంగతి నాకే గుర్తులేదు, ఆమె అడిగితే గుర్తొచ్చింది. 2010 ఏప్రిల్ ఆఖరుకు నేను రాసిన టపాలు (బ్లాగులో ఒక్కో రాతను అలా అనేవాళ్లం) ముప్పై ఎనిమిది. వాటికి వచ్చిన వ్యాఖ్యలు నలభై ఒకటి. అందులో ముప్పై ఆరు ఆమెవే. ఆమె టపాల కింద నేనూ పేజీడు పేజీడు రాసేదాన్ని.

అక్కడితో తృప్తిపడవలసింది. కానీ ముప్పై నాలుగేళ్లు నిండు క్లాసు ముందు నిలబడినదానికి ఒక్కరు ఉన్న క్లాసు సరిపోలేదు. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటు ఒకటి ఉండేది. అందులో చూస్తే కొందరి టపాలకు నలభై, యాభై వ్యాఖ్యలు. నేనూ వాళ్ల దగ్గరికి వెళ్లి రాయడం మొదలుపెట్టాను. అయితే నాకు తెలిసింది దిద్దడమే. ఒకాయన తన పెళ్లిరోజు వాన గురించి రాస్తూ ఆ రోజు ఆదివారమన్నాడు. ఆ తారీఖున గురువారమని రాశాను. మూడు నెలల్లో అలా పద్నాలుగు మందిని దిద్దాను. ఆ పద్నాలుగు మందీ మళ్లీ నాకు జవాబివ్వలేదు.

మే నెలలో ఒక చుట్టాల పెళ్లికి కోదాడ వెళ్లినప్పుడు, యాభై వ్యాఖ్యలు వచ్చే బ్లాగరు ఒకాయన అక్కడే ఉంటాడని తెలిసి వెళ్లి కలిశాను. రిటైరైన ఉద్యోగి. వరండాలో కూర్చోబెట్టి, నా ప్రశ్న వినగానే పెద్దగా నవ్వాడు.

"మేడమ్ గారూ, బ్లాగంటే పరీక్ష పేపరు కాదండీ, ఎర్రసిరా తీసుకుని బయల్దేరడానికి. నోముల్లో వాయనం ఇచ్చిపుచ్చుకోవడం చూశారా? ఇదీ అంతే. మీరు వెళ్లి బాగుందండీ అనండి. వాళ్లొచ్చి బాగుందండీ అంటారు. రోజుకు ఇరవై ఇళ్లు తిరగండి, నెలలో మీ బ్లాగు కళకళలాడకపోతే నన్నడగండి."

"బాగుండకపోతే?"

"బాగుండకపోవడం ఏమిటండీ? ఎవరి పిల్ల వాళ్లకి బాగుంటుంది. మనదేం పోయింది?"

మజ్జిగ తెచ్చిన ఆయన భార్య ఊరుకోలేదు. "ముప్పై ఏళ్లలో కూర బాగుందని ఒక్కసారి అనలేదండీ ఈయన. మొహం తెలియని వాళ్లందరికీ మాత్రం పొద్దున్నే కూర్చుని బాగుంది, బాగుంది అని కొడుతుంటారు. నేనూ ఒక బ్లాగు పెట్టుకుని అందులో కూర పెడితే గానీ లాభం లేదు."

జూన్ ఒకటి నుంచి ఆయన చెప్పినట్టే చేశాను. పొద్దున పది నుంచి పదకొండు వరకు, ఇరవై బ్లాగులు, ఒక్కోదానికి మూడు నిమిషాలు. మొదట్లో చదివే రాసేదాన్ని. నా టపాల కింద వ్యాఖ్యలు పెరిగాయి. అక్టోబరుకు మీటరు రోజుకు అరవై మూడు చూపించింది, నన్ను తీసేసి. టపాకు పదిహేడు వ్యాఖ్యలు. మీటరు చూడనిదే అన్నం సహించేది కాదు. అంతమంది వచ్చి వెళ్తున్నా నీళ్లు ఎట్లున్నయని అడిగినవాళ్లు మళ్లీ లేరన్న సంగతి నేను గమనించకపోలేదు. గమనించి పక్కన పెట్టాను.

బ్లాగులు ఇరవై నుంచి నలభై చేశాను. గంట గంటే, కాబట్టి ఒక్కోదానికి నిమిషమున్నర. అంతలో చదవడం కుదరదు. అందుకని ఐదు వాక్యాలు తయారు చేసి పెట్టుకున్నాను. "చాలా బాగుంది." "చక్కగా రాశారు." "మా చిన్నతనం గుర్తొచ్చింది." "కొత్త విషయం తెలిసింది." ఐదోది, "నవ్వు ఆపుకోలేకపోయాను, ఇలాంటివి ఇంకా రాయండి." ఎవరికీ అనుమానం రాకుండా ఒకదాని తర్వాత ఒకటి వరుసగా వాడేదాన్ని. మిర్యాలగూడ ఆమె కూడా ఆ నలభైలో ఒకతె అయింది. మనకు కావలసినవాళ్లు కదా, తర్వాత తీరిగ్గా చదువుదామని వాయిదా వేసేదాన్ని.

ఆ శీతాకాలంలో నా రెండు టపాలకు ఆమె రాయలేదు. మూడోదానికీ రాయలేదు. పదిహేడు వ్యాఖ్యల్లో ఒకటి తగ్గితే తెలియదనుకుంటారేమో, నాకు తెలిసింది. 2011 ఫిబ్రవరి 8న ఆమె బ్లాగు తెరిచి, చివరి టపా మొదటి నుంచి చదివాను. ‘మా అత్తమ్మ ముచ్చట్లు – 23’. పేరులో ఏ తేడా లేదు. లోపల ఉన్నది అత్తగారి చావు. దవాఖానలో పదకొండు రోజులు, ఆఖరి రోజు ఆమె అడిగిన మజ్జిగ, డాక్టరు వద్దన్నాడని కోడలు ఇవ్వకపోవడం. ఆ ఇవ్వకపోవడం గురించే టపా అంతా.

కింద ఓదార్పు మాటలు తొమ్మిది ఉన్నాయి. వాటి మధ్యలో, జనవరి 20న, నాది: "నవ్వు ఆపుకోలేకపోయాను, ఇలాంటివి ఇంకా రాయండి."

వరుసలో ఆ రోజు ఆమెకు ఐదోది పడింది.

వెంటనే దాన్ని తీసేశాను. తీసేస్తే మాయమవుతుందనుకున్నాను. కానీ నా పేరు అలాగే ఉండి, దాని కింద ‘ఈ వ్యాఖ్యను రాసినవారే తొలగించారు’ అని వచ్చింది. ఆమె నంబరు నా దగ్గర ఉంది, అప్పటిదాకా ఎప్పుడూ చెయ్యలేదు. రెండు రోజుల్లో ఆరుసార్లు చేశాను. ఎత్తలేదు. పదకొండో తారీఖు శుక్రవారం పొద్దున మిర్యాలగూడ బస్సెక్కాను. ఇల్లు మిల్లు వెనకాల అని ఆమె టపాల్లో ఉంది. ఉడికిన వడ్ల వాసన పట్టుకుని వెళ్తూ, ఇద్దర్ని అడిగితే దొరికింది.

తలుపు తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది. "సూర్యాపేట అక్కవేనా?" అని, లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చింది. నేను కూర్చోకముందే చెప్పేశాను. చదవకుండా రాశానని ఒప్పుకున్నాను.

"తెలుసక్కా," అన్నది. "సదివినోళ్లు గట్ల రాయరు గద."

మళ్లీ తనే, "ఆ కోదాడాయన సుత బాగుందండీ అనే రాసిండు. ఆయనది నేను పట్టించుకోలే. పెండ్లైనా సావైనా ఆయన గదే రాస్తడు. నీది సూసి మాత్రం వంటింట్లకు పోయి కూసున్న," అన్నది.

టీ పెట్టి తెచ్చింది. తాగుతుంటే నెమ్మదిగా మాట్లాడింది. "అత్తమ్మకు సదువు రాదక్కా. నేను రాసింది సదువుతనంటే, నా కత నాకు తెల్వదానే, గది వద్దు, కింద మందేమన్నరో చెప్పు అనేది. బాగుంది, బాగుంది అని సదివితే, నన్నేమన్న సంతల బర్రెను సూస్తున్నరా అని తిట్టేది. నీదొక్కటే రెండుసార్లు సదివిపించుకునేది. పంతులమ్మ ఏమన్నదే, పంతులమ్మ ఏమన్నదే అని అడిగేది. నీ వీధి ముచ్చట సుత వింటుండె. ఆ బిందెల నీళ్లు మీరు తాగిన్రంటే, పిచ్చి ముండలు, బర్రెలకు పోయకపోయిన్రు అన్నది."

నా మీటరు లెక్కలో ఆ ముసలామె ఎప్పుడూ లేదు.

"తర్వాత తర్వాత నువ్వు పెద్దగ రాయకపోతివి. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, రెండేసి ముక్కలు. గది సదివితే నొచ్చుకుంటదని, నేనే కల్పించి సదివిన, నువ్వు రాసినట్టు."

"ఏమని కల్పించినవ్?"

ఆమె మొహంలో మొదటిసారి చిన్న నవ్వు వచ్చింది. "కోడికి టికెట్ కొట్టిన కండక్టర్ లేడా, వాడు నా దగ్గర లెక్కలు నేర్సుకున్నోడు మాత్రం కాదు అని పంతులమ్మ రాసిందే, అని చెప్పిన. దవాఖాన మంచం మీద పండుకొని రెండు దినాలు అదే చెప్పుకొని నవ్వింది. నర్సుకు సుత చెప్పింది."

నేనూ నవ్వాను. నవ్వుతూ, "కోడికి టికెట్టా?" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది.

"అది సుత సదవలేదా అక్కా?"

ఇరవై ఒకటో ముచ్చట అదేనని, అత్తగారు చంకలో కోడితో కోదాడ బస్సెక్కిన కథ అని, తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. ఒక్క వ్యాఖ్యకు క్షమాపణ అడగడానికి వచ్చినదాన్ని. ఎన్ని అలా రాశానో ఆమె అడగలేదు. అడిగితే తొమ్మిదని చెప్పేదాన్ని, పదిహేను నుంచి ఇరవై మూడు వరకు.

బస్సు దాకా నాతో వచ్చింది, అది మర్యాద. దారంతా ఎండల గురించి, మిల్లుకు వడ్లు వస్తున్న లారీల గురించి మాట్లాడింది. నేను బస్సు మెట్టు ఎక్కాక అన్నది:

"కోపం లేదక్కా. కాకపోతే ఇగ నువ్వేం రాసినా, సదివి రాసినవా సదవక రాసినవా అని అనుమానమొస్తది. గదొక్కటే."

"అయితే రాయొద్దా?"

"నేనేం చెప్తనక్కా. సీటు దొరికింది కూసో, జర పైలంగ పో."

ఇంటికి వచ్చాక నలభై బ్లాగులు తిరగడం మానేశాను. గొప్ప పనేమీ కాదు, చెయ్యి ఆడలేదు, అంతే. మే నెలకు మీటరు ఐదుకు దిగింది. ఈలోగా పదిహేను నుంచి ఇరవై రెండు దాకా ఎనిమిది ముచ్చట్లూ రెండేసిసార్లు చదివి, ఒక్కోదాని కింద నేను మొదటే రాయవలసింది రాశాను. ఒక్కోదానికి ఒక రోజు పట్టింది. ఇరవై మూడోదానికి నాలుగు రోజులు పట్టింది. మజ్జిగ గురించి ఏం రాయాలో తెలియక, మా ఆయన చివరి వారంలో అడిగి నేను ఇవ్వనిది ఒకటి ఉంది, దాని గురించి రాశాను. అది ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా.

పంపిన ప్రతిసారీ ఒక కొత్త మాట కనిపించింది: ‘మీ వ్యాఖ్య బ్లాగు యజమాని ఒప్పుకున్నాక కనిపిస్తుంది.’ ముందు అలా ఉండేది కాదు. ఈ మధ్యనే పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో నేను అడగనవసరం లేదు.

రోజూ తెరిచి చూసేదాన్ని. అన్నీ పంపాక తొమ్మిదో రోజున, ఇరవై ఒకటో ముచ్చట కింద, కోడి గురించి నేను రాసినది కనిపించింది. ఆ వారంలో మిగతా ఏడూ వచ్చాయి. వాటికి జవాబు లేదు, ఒప్పుకోవడం మాత్రమే.

ఇది రాస్తున్నది 2014 మార్చిలో. ఆమె ఇరవై నాలుగో ముచ్చట రాయలేదు. బ్లాగు మాత్రం తీసెయ్యలేదు. నెలకొకసారి వెళ్లి చూస్తాను. ఇరవై మూడోదాని కింద నేను రాసినది ఇంకా రాలేదు. ఓదార్పు మాటల మధ్యలో నా పేరు, దాని కింద నేను తీసేసిన గుర్తు, అంతే ఉన్నాయి.