మూడు డ్రమ్ములు

మా మామ సూళ్లూరుపేటలో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినాడు. చుట్టుపక్కల ఊళ్లల్లో ఆయన ఫోటో తీయని పెళ్లి లేదు, బాప్తిస్మం లేదు. ఆయన పోయిన రోజు శవపెట్టె పక్కన పెట్టేదానికి ఆ ఇంట్లో ఆయన ఫోటో మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఆధార్ కార్డు మీద మొహాన్ని ఫోన్‌తో తీసి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించుకొచ్చినా. చర్చిలో ఎవరూ ఏమీ అనలేదు గానీ, సమాధుల దొడ్డి నుంచి వచ్చినాక మా అత్త ఆ ఫ్రేమును గోడకు తిప్పి పెట్టింది.

"ఏందత్తా?"

"దొంగ మాదిరి ఉన్నాడబ్బయా అందులో. స్టేషన్‌లో గోడకు అంటించిన బొమ్మ మాదిరి. ఆయన అట్ట ఉండడు."

అప్పుడే చెప్పింది రీలు సంగతి. ఆయన పోయే రెండు వారాల ముందు ఇద్దరూ పులికాట్ ఒడ్డుకు పోయినారంట. స్టూడియోలో అంతా డిజిటల్ అయిపోయినా, సొంతానికని ఒక పాత రీలు కెమెరా ఉంచుకున్నాడు మామ. ఆ రోజు పడవల దగ్గర నిలబడి, కెమెరా అత్త చేతికిచ్చి, "నన్నొకటి తియ్యి, చూద్దాం" అన్నాడంట. ముప్పై ఏళ్లల్లో అదే మొదటిసారి. ఆమె నొక్కింది. దాంతో రీలు అయిపోయింది. ఆయన దాన్ని చుట్టేసి ఇంటికి తెచ్చి, ఫ్రిజ్‌లో గుడ్ల అరలో పెట్టినాడు.

"నవ్వినాడబ్బయా అందులో. నేను కెమెరా తలకిందులుగా పట్టుకున్నానని నవ్వినాడు."

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక ఆదివారం. అత్తకు ఒకటే కోరిక, ఈసారన్నా ఆ ఆధార్ మొహం కాకుండా ఆ నవ్వే మొహం పెట్టాలని. కొరియర్‌లో చెన్నై ల్యాబుకు పంపిద్దామంటే ఒప్పుకోలేదు, దారిలో పోతే ఎవరిని అడగాలి అనింది. నేనుండేది చెన్నైలోనే, చేత్తో తీసకపోయి ఇవ్వొచ్చు, అయినా సొంతంగా కడగాలని నాకు ఆశ. "ఎవరూ వద్దు, నేను కడుగుతా" అన్నా.

కడగడం అంటే డెవలప్ చేయడం. స్టూడియో వాళ్లు అట్టనే అంటారు, రీలు కడగాల, రీలు కడిగించాల అని. మామ నోట విని నాకూ అదే అలవాటైంది.

పోయిన ఏడాది చెన్నైలో ఒకాయన దగ్గర పాత రోటరీ ప్రాసెసర్ ఒకటి కొన్నా. చూసేదానికి చేపల తొట్టి మాదిరి ఉంటాది. అందులో వేడినీళ్లు, నీళ్లల్లో అడ్డంగా పడుకోబెట్టిన నల్ల డ్రమ్ము, డ్రమ్ములో రీలు. మోటారు దాన్ని కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పుతా ఉంటాది. కొంచెం కడిగే మందుతోనే రీలంతా తడుస్తాది. వేడి ముప్పై ఎనిమిది డిగ్రీలు, అటూ ఇటూ పోకూడదు. మూత ఉన్నంతసేపు లోపల చీకటి, మందు పోసేది మూత మధ్యలో ఉండే గొట్టంలోంచే. మూత తీస్తే అయిపోయినట్టే. దాంతో పాటు రెండు డ్రమ్ములు వచ్చినాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

శుక్రవారం రైలెక్కి మిషన్ మోసుకొచ్చినా. వచ్చీ రాగానే పనికిరాని రీలు ఒకటి పెద్ద డ్రమ్ములో వేసి ట్రయల్ చూసినా, బాగానే వచ్చింది. శనివారం పొద్దున, మామ డార్క్‌రూములో, ఇప్పుడది బియ్యం బస్తాల గది, చీకట్లో తడుముకుంటా మామ రీలును చుట్టి చిన్న డ్రమ్ములో పెట్టి మూత బిగించినా. మిషన్ ఆన్ చేసినా. నీళ్ల వేడి ముప్పై ఒక డిగ్రీ దాకా వచ్చింది. కరెంటు పోయింది.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే, లైను మీద పని, సాయంత్రం దాకా రాదన్నారు. నేను వాళ్ల మీద అరిచినా. వాళ్లు పెట్టేసినారు. మళ్లీ చేసినా. ఎత్తలేదు. చిన్న డ్రమ్మును తీసి బాత్రూములో పెద్ద డ్రమ్ము పక్కన పెట్టి, ఎవరి దగ్గరన్నా ఇన్వర్టర్ దొరుకుతాదేమోనని మామ బండేసుకొని బయటికి పోయినా. ఎండ. నాలుగు షాపులు తిరిగినా. ఒకడు రేపు రమ్మన్నాడు, రేపే ఆదివారం. ఇంకొకడు నవ్వినాడు, "రీలా? ఇంకా ఉన్నాయా అన్నా అవి?"

ఆ కోపంలో గుర్తొచ్చింది, పెద్ద డ్రమ్ములో నిన్నటి మందు ఎండిపోయి అంటుకుంటాది కదా అని. అంత అర్జెంటు పనేమీ కాదు, సాయంత్రం చేసినా సరిపోయేది. అత్తకు ఫోన్ చేసి చెప్పి పెట్టేసినా.

ఇన్వర్టర్ లేకుండానే తిరిగొచ్చినా. వాకిట్లో నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము బోర్లించి ఉంది, తళతళలాడతా. దీన్ని ఎందుకు కడిగింది అనుకున్నా. లోపలికి పోతే బాత్రూము తలుపు వేసుంది.

"అత్తా?"

"లోపలికి రావద్దు. తలుపు తియ్యొద్దబ్బయా. వెలుతురు పడతాది."

మంచం మీద దుప్పటి లాక్కొచ్చినా.

బాత్రూములోకి దాన్ని విసిరి, నేను కూడా దూరి తలుపేసినా. వెంటిలేటర్లోంచి వచ్చే మసక వెలుతుర్లో అత్త తడి నేల మీద చతికిలబడి ఉంది. చిన్న డ్రమ్ము ఒళ్లో ఉంది. దాని మీద పైట, పైట మీద తువ్వాలు, దాని మీద ముందుకు వంగి తన ఒళ్లు. ఎంతసేపటి నుంచి అట్ట కూర్చుందో.

"మూత తీసి చెంబుడు నీళ్లు పోసినా. నల్లగా రీలు కనపడింది. వెంటనే కప్పేసినా రా. వెంటనే."

"నీకు బుద్ధుందా? ముప్పై ఏళ్లు స్టూడియోవాడి పెళ్లానివి! మూత తీస్తారా ఎవరన్నా?"

"నువ్వే కదా డ్రమ్ము కడగమన్నావు."

"నేనా? పెద్దది కడగమన్నా! పెద్దది!"

"ఏదో తెలియక మూడూ కడిగినా," అనింది. "వాకిట్లోది కూడా."

నేను ఇంకేదో అరిచినా. అది రాయను.

దుప్పటి కింద మూత మళ్లీ బిగించినా. కరెంటు లేదు, మిషన్ తిరగదు, ఉన్నదాంతోనే చేయాల. గ్యాసు మీద నీళ్లు కాచి టబ్బులో పోసినాం. థర్మామీటరు వెతికేలోపల అత్త మోచెయ్యి ముంచి, "పసిబిడ్డకు పోసే వేడి, చాలు" అనింది. పెట్టి చూస్తే ముప్పై ఎనిమిది. మందు పోసినా. మోటారు చేయాల్సిన పని ఆమె రెండు చేతులతో చేసింది, డ్రమ్మును టబ్బులో ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు. నేను ఫోన్‌లో టైమరు చూస్తా, "ఆపు", "పోయ్", "తిప్పు" అంటా ఉన్నా. ఆమె పెదాలు కదులుతా ఉన్నాయి, ప్రార్థనేమో.

రీలు చుట్టేటప్పుడు మొదట తీసిన బొమ్మలు లోపలికి పోతాయి, చివరివి పైచుట్టులో ఉంటాయి. వెలుతురు ముందు పైచుట్టుకే తగిలింది.

బయటికి తీసి కిటికీ దగ్గర పట్టుకున్నా. చివరి ఏడెనిమిది బొమ్మలు బొగ్గు మాదిరి నలుపు. చివరిది ఇంకా నలుపు. ఫోన్ కెమెరా పెట్టి, రంగులు తిప్పి, వెలుగు తగ్గించి, పెంచి, అన్నీ చేసినా. స్క్రీన్ అంతా తెల్లటి పొగ. మొహం లేదు, పడవ లేదు, నీళ్లు లేవు.

లోపలి చుట్లల్లో బొమ్మలు ఉన్నాయి, అంచులు మాసినాయి అంతే. అన్నీ అత్తే. బియ్యం చెరుగుతా, గేటు దగ్గర ఎవరితోనో పోట్లాడతా, చర్చి బెంచీలో కూర్చొని కునుకు తీస్తా. ఒక్క దాంట్లోనూ ఆమె కెమెరా వైపు చూళ్లేదు. తీస్తున్నాడని ఆమెకు తెలియనే తెలియదు.

ఫోన్‌లో ఒక్కొక్కటి చూపించినా. ఇదన్నా ఉందిలే అని ఆమె అంటాదేమో అనుకున్నా.

"నన్ను నేనేం చేసుకోను అబ్బయా?" అనింది.

ఆదివారం గోడకు తిప్పిన ఫ్రేమును మళ్లీ తిప్పి, తుడిచి, పూలదండ వేసినాం. కూడికకు వచ్చిన వాళ్లు రీలు సంగతి అడిగినారు. ఒక పెద్దాయన నవ్వతా, "ఏమ్మా, నీకు తెలియదా రీలు తెరవకూడదని?" అన్నాడు. అత్త కూడా నవ్వింది. "తెలుసన్నా. మతిలేక తెరిచినా" అనింది. నేను పక్కనే పేపర్ ప్లేట్లు పట్టుకొని నిలబడి ఉన్నా. పెద్దదని చెప్పినా కదా అని నాకు అప్పటికీ గట్టి నమ్మకం.

సోమవారం రైల్లో తడ దాటినాక గుర్తొచ్చింది, నా ఫోన్‌లో కాల్స్ అన్నీ వాటంతట అవే రికార్డు అవుతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని శనివారం కాల్ వెతికినా. చాలా చిన్నది.

"అత్తా, ఆ డ్రమ్ము కడిగి పెట్టు. ఎండిపోతాది. వచ్చేలోపల అయిపోవాల. అదన్నా చెయ్యి."

నా గొంతు అది. పెద్దది అనే మాట అందులో ఎక్కడా లేదు. చివర్లో ఆమె గొంతు.

"ఏ డ్ర..."

అక్కడ నేను కట్ చేసినా.

ఎన్నిసార్లు విన్నానో తెలియదు. ఇంతలో ఫోన్ మోగింది. అత్తే.

"చేరినావా అబ్బయా? నీ డ్రమ్ములు రెండూ మళ్లీ కడిగి ఎండబెట్టినా. ఎప్పుడొచ్చి తీసకపోతావు?"

"అత్తా," అన్నా.

"ఆ, చెప్పు."

ఆమె ఆగింది. నేనేదో చెప్తానని వింటా ఉంది. ఈసారి నేను కట్ చేయలేదు.