మూడో చీటీ మీది తేదీ

ఏ కాగితం మీదైనా తేదీ వేయాల్సి వస్తే ఇప్పటికీ నా చెయ్యి ఆగిపోతుంది. కొరియర్ వాడి రసీదైనా సరే, క్యాలెండర్ కేసి రెండుసార్లు చూసుకుంటాను. మతిమరపు మొదలైందని మా ఆయన ఏడిపిస్తుంటాడు. మతిమరపైతే ఎంత బావుండేది! పద్దెనిమిదేళ్లుగా నన్ను వదలనిది ఒకే ఒక్క తేదీ. అది నేను కావాలని వేసిన తప్పుడు తేదీ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే ఓదారుస్తారు. ఓదార్పు కోసం రాయడం లేదు.

రెండు వేల ఆరు ప్రాంతం. ఢిల్లీ పక్కనున్న ఘజియాబాద్ వైపు మెట్రో ఇంకా రాలేదు. ఇందిరాపురంలో సగం టవర్లకు రంగులు కూడా పడలేదు. అక్కడికి దగ్గర్లో బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ల కోసం ఒక పగటి కేంద్రం ఉండేది. వ్యాన్లు పొద్దున ఇళ్లకు వెళ్లి వాళ్లను తీసుకొచ్చేవి, సాయంత్రం దింపి వచ్చేవి. మధ్యలో కొవ్వొత్తులు పోయడం, కవర్లు అతికించడం, వ్యాయామం. ఆఫీసులో నేను కోఆర్డినేటర్‌ని. పేరు ఘనంగానే ఉంది కానీ చేసేది చీటీలు పంచడం.

అక్కడ ఏ చిన్న సంగతి జరిగినా చూసినవాళ్లు ఒక చీటీ రాసి నా బల్ల మీద పెట్టాలి. నేను దాని మీద తేదీ, నంబరు వేసి, రిజిస్టర్లో ఎక్కించి, గోడకున్న నాలుగు రేకు పెట్టెల్లో సరైనదాంట్లో వేయాలి. వ్యాన్ సంగతైతే ట్రాన్స్‌పోర్ట్ పెట్టె. దెబ్బలూ జ్వరాలూ అయితే నర్సింగ్. ఎవరైనా అరిచినా, కొట్టినా బిహేవియర్ టీమ్. నాలుగోది రక్షణ కమిటీది. దానికి తాళం ఉండేది. ఒకే మనిషి పేరున ఒక నెలలో మూడు చీటీలు వస్తే, అవి ఏ రకానివైనా సరే, మూడూ కలిపి ఆ నాలుగో పెట్టెలో వేయాలి. మర్నాడే కమిటీ కూర్చుంటుంది. వ్యాను దగ్గర్నుంచి ఇంటి దాకా అంతా వెళ్లి చూస్తుంది.

నేను చేరిన మొదటి రోజు మా డైరెక్టర్ మేడమ్ చెప్పింది, మాట రాని మనిషి ఫిర్యాదు ముక్కలు ముక్కలుగా వస్తుందని, ఆ ముక్కల్ని కలపడమే నా ఉద్యోగమని. నేను బుద్ధిగా తలూపాను. నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. నా చేతిరాత బావుంటుందని నాకు గర్వం.

ఆ ఉద్యోగం ఇప్పించింది సుగుణక్క. మాది బాపట్ల వైపు, ఆవిడది తెనాలి దగ్గర. చర్చిలో పరిచయం. అదే కేంద్రంలో వ్యాన్ అటెండెంట్. అంతకుముందు ఊళ్లో నర్సు దగ్గర పని నేర్చుకుంది. ఢిల్లీలో నాకు పురుడొచ్చినప్పుడు మా అమ్మ మంచంలో ఉండి రాలేకపోతే, నలభై రోజులూ నా బిడ్డకు నీళ్లు పోసింది సుగుణక్కే. నాకు పత్యం వండిపెట్టింది. ఆ చేతుల గురించే నేనిప్పుడు రాయాల్సి వస్తోంది.

మీనూకి ఇరవై ఎనిమిదేళ్లు. మాట రాదు. నవ్వితే మాత్రం గదంతా వినిపించేది. వాళ్లమ్మ ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటూ ఒక్కతే ఆమెను చూసుకునేది. సాయంత్రం వ్యాన్‌లో అందరికంటే ఆఖర్న దిగేది మీనూయే.

మే నెల రెండో వారంలో మొదటి చీటీ వచ్చింది. మీనూ సాయంత్రం వ్యాన్ ఎక్కనని గేటు ఊచలు పట్టుకుని వేలాడిందట. ట్రాన్స్‌పోర్ట్ పెట్టెలో వేశాను. సీటు మార్చి చూస్తామని డ్రైవరు జవాబు రాశాడు. పది రోజులకు రెండోది. మీనూ మణికట్టు మీద, తొడ మీద ఎర్రగా కందిన మచ్చలు. నర్సింగ్ పెట్టెలో వేశాను. వాళ్లు చెమటకాయలని రాసి పౌడరు ఇచ్చారు. ఎవరి జవాబు వాళ్లకు సరిపోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారే, మా దగ్గర ఆ పిడికిళ్లకు పెట్టెలు కూడా ఉండేవి.

మూడోది మే ముప్పై ఒకటిన వచ్చింది. సాయంత్రం నాలుగున్నర. కూలర్ ముందు కూర్చున్నా వీపు తడిసిపోయే ఎండ. వ్యాన్ ఎక్కిస్తుంటే మీనూ సుగుణక్క చెయ్యి కొరికింది. చూసిన ఫిజియోథెరపిస్ట్ నాలుగు ముక్కలు రాసి నా బల్ల మీద పడేసి ఇంటికి వెళ్లిపోయాడు. నేను పెన్ను మూత తీశాను. రిజిస్టర్ చూడకుండానే నాకు తెలుసు, ఇది మూడోదని. రక్షణ పెట్టె తాళంచెవి సొరుగులోనే ఉంది.

ఈలోగా సుగుణక్క వచ్చింది. చేతికి జేబురుమాలు చుట్టుకుంది. వ్యాన్ బయట హారన్ కొడుతోంది.

"చూడే, పళ్లు ఎట్టా దిగినయ్యో," అంది. నా బల్ల మీది చీటీ చూసింది. "నెంబరేసినావా?"

"ఇంకా లేదక్కా. ఇది మూడోది. కమిటీకి పోవాలి."

"కమిటీకా? ఈ మాత్రం దానికా?" బయట వ్యాన్ కేసి ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "రేపు ఒకటో తారీఖే గదమ్మా. రేపొచ్చిందని రాసుకో. ఒక్క పూటలో ఏం మునిగిపోద్ది?"

"అక్కా, వాళ్లు అడిగితే?"

"నిన్నెవరడుగుతారే? నువ్వు రాసిందే గదా వాళ్లు చదివేది." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "బిడ్డకి దగ్గు తగ్గిందా? వాము వేణ్ణీళ్లు పట్టు."

అంతే. బెదిరించలేదు. బతిమాలలేదు. బిడ్డ దగ్గు సంగతి అడిగి వెళ్లిపోయింది. నేను జూన్ ఒకటి అని వేశాను. చాలా అందంగా వేశాను. మే నెల లెక్క రెండు దగ్గర ఆగిపోయింది. జూన్‌కి అది మొదటి చీటీ అయింది. కొరకడం కాబట్టి బిహేవియర్ పెట్టెలో వేశాను. నిబంధన ప్రకారం అది సరైన పెట్టే.

ఇక్కడితో ఆపేస్తే, మొహమాటానికి లొంగిన మనిషిని అనుకుని మీరు నన్ను కొంచెం జాలిగా చూస్తారు. ఇంతవరకూ రాసి రెండు రోజులు పక్కన పెట్టాను కూడా. కానీ ఇంకొకటి దాచాను.

ఆ చీటీకి వారం ముందు ఇందిరాపురంలో కూరగాయలు కొనడానికి వెళ్లాను. ఒక టవర్ కింద మా కేంద్రం వ్యాన్ ఆగి ఉంది. నీడ లేదు. అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. లోపల బెల్టు బిగించి మీనూ ఒక్కతే కూర్చుని ఉంది. డ్రైవర్ అవతల టీ కొట్టు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. ఆ టవర్లో సుగుణక్క పై సంపాదన కోసం రోజూ ఒక ముసలావిడకు ఇంజెక్షన్ ఇచ్చి, ఒళ్లు తుడిచి వస్తుందని నాకు తెలుసు. ఆవిడే చెప్పింది, పావుగంట పనేనని. మీనూ నన్ను గుర్తుపట్టింది. అరచెయ్యి అద్దానికి ఆనించింది. నేను చెయ్యి ఊపాను. బెండకాయల సంచి రెండో చేతిలోకి మార్చుకుని, చెయ్యి ఊపి ఇంటికి వచ్చేశాను.

ఎండకు కాలిన బెల్టు బకిల్ మణికట్టుకు తగిలితే ఎలాంటి మచ్చ పడుతుందో నాకు తెలియదా? గేటు పట్టుకుని ఎందుకు వేలాడిందో తెలియదా? మూడు ముక్కలూ కలిసి కనబడింది ఆ కేంద్రం మొత్తంలో నాకొక్కదానికే. తెలియదని నన్ను నేను ఎలా నమ్మించుకున్నాను? నమ్మించుకోలేదు. అదే నిజం. తెలిసే వేశాను.

బిహేవియర్ టీమ్ జవాబు మూడో రోజున వచ్చింది. మీనూని అందరికంటే ముందు ఎక్కించాలి, దారిలో కదలకుండా బెల్టు ఇంకా బిగించాలి. నేనే ఆ కాగితాన్ని సుగుణక్కకు అందించాను. ఆవిడ సంతకం పెట్టింది.

జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం ఆ ముసలావిడ బాత్రూంలో జారి పడిందట. పావుగంట పని గంట దాటింది. డ్రైవర్‌కు కబుర్లలో టైము తెలియలేదట. వాళ్లు తిరిగి వచ్చేసరికి మీనూ తల వేలాడేసి ఉంది. ఒళ్లు పొయ్యిలా కాలుతోందట. ఆసుపత్రిలో ప్రాణం నిలబడింది. అది మాత్రమే నిలబడింది. ఫిట్స్ మొదలయ్యాయి. మళ్లీ నడవలేదు. చెంచా పట్టుకోలేదు. ఆ నవ్వు నేను మళ్లీ వినలేదు.

మర్నాడు నాకు అందిన చీటీలో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయామని, వ్యాన్‌లో ఫ్యాన్ పనిచేయలేదని ఉంది. సుగుణక్క రాత. నేను అక్షరం మార్చలేదు. ఫ్యాన్ కాబట్టి ట్రాన్స్‌పోర్ట్‌కి, ఒంట్లో బాగోలేదు కాబట్టి నర్సింగ్‌కి ఒక నకలు. కమిటీ వాళ్లు రిజిస్టర్ తెప్పించుకుని చూశారు. మేలో రెండు, జూన్‌లో రెండు. ముందస్తు హెచ్చరిక ఏదీ లేదని రాసుకున్నారు. రిజిస్టర్ చక్కగా ఉంచానని ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు కూడా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. థాంక్యూ సర్ అన్నాను.

మీనూ సామాన్లు తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చింది. ఒక స్టీలు గ్లాసు, టవలు, జత చెప్పులు. చెప్పులు చేతిలో పట్టుకుని హిందీలో అడిగింది.

"దీదీ, ముందే ఏమైనా తెలిసిందా? మాట లేదు గానీ, నా కూతురు ఏదో ఒకటి చెప్పే ఉంటుంది కదా?"

"నహీఁ ఆంటీ," అన్నాను. "రికార్డులో ఏమీ లేదు."

టీ తాగి వెళ్లమన్నాను. వద్దంది.

సుగుణక్క ఆ చలికాలంలోనే ఊరు వెళ్లిపోయింది. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆవిడ పోయిందని నాలుగేళ్ల క్రితం చర్చివాళ్లు చెప్పారు. ఏడ్చాను. నా బిడ్డకు నీళ్లు పోసిన మనిషి కోసం ఏడ్చాను. ఆవిడ తన తప్పు ఎవరితోనైనా చెప్పుకుందో లేదో తెలియదు. ఇప్పుడు తేదీ సంగతి తెలిసినది నాకొక్కదానికే. నేనూ పోతే అది నిజమైన తేదీ అయిపోతుంది. ఆ ఆలోచనకే భయం వేసింది.

ఒకసారి మీనూ వాళ్ల సందు దాకా వెళ్లాను. పై అంతస్తు కిటికీలోంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. కింద నిలబడి అది ఆగేదాకా విన్నాను. ఆగగానే వెనక్కి వచ్చేశాను. మళ్లీ వెళతానని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చిన మాటలు, వేసిన తేదీలు నా చేతిలో ఎలా ఉంటాయో మీరు చూశారు.

ఆ చీటీ మాత్రం ఇక్కడ సరిగ్గా రాస్తాను.

మే ముప్పై ఒకటి. సాయంత్రం నాలుగున్నర. మీనూ వ్యాన్ అటెండెంట్ చెయ్యి కొరికింది. ఎందుకంటే ఆమెను రోజూ ఎండలో అద్దాలెత్తిన వ్యాన్‌లో కట్టేసి వెళ్తున్నారు. ఈ నెలలో ఆమె చెప్పడం ఇది మూడోసారి. కోఆర్డినేటర్ కళ్లారా చూసింది. నాలుగో పెట్టె.