అప్పజెప్పిన కబురు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. మనుషుల మాటలే తొందరగా నమ్మేవాణ్ణి కాదు, ఇక దయ్యాలెక్కడ! నల్గొండ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను. తెల్లవాళ్ళు రాకముందు ఆఫ్రికా దక్షిణాన రాజ్యాలు ఎలా నడిచాయో ఒక పాఠం ఉండేది. అక్కడ రాతలు లేవు. రాజుల వరసంతా పెద్దల నోళ్ళలోనే ఉండేది. "ఒక్క నోరు సాక్ష్యం కాదు, మూడు నోళ్ళు కలవాలి" అని పిల్లలకు గొంతు చించుకుని చెప్పేవాణ్ణి.

ఆ మొండితనమే నా కొంప ముంచింది.

పోలీసు యాక్షన్ తర్వాత మిలిటరీ వాళ్ళు మా బాపును పట్టుకుపోయారు. నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. ఆయన తిరిగి రాలేదు. దళం దాగిన జాగా చూపించింది ఆయనేనని ఊరంతా అంది. అమ్మ ఆ నింద మోస్తూనే ముసలిదైంది. ఆయన తప్పు లేదని తేలేదాకా ముట్టనని ఒట్టు పెట్టుకుని, ఆయన గొంగడిని పెట్టెలో పెట్టి తాళం వేసింది. "నిజమేందో తెల్వకుంట నన్ను పోనియ్యకు బిడ్డా" అనేది.

తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది, మర్రిగూడ దగ్గర ఉండే నర్సమ్మ. నిజాం మీద కొట్లాడిన సంఘంలో కాగితం మీద ఏదీ పెట్టేవాళ్ళు కాదు. కబుర్లన్నీ ఆమె నోటితోనే మోసేది. బాపు చివరిసారి మాట్లాడింది ఆమెతోనే. ఆ కబురు పుట్టబోయే బిడ్డకే అప్పజెప్పమన్నాడట. ఒక్క నోరే కదా అని ఏళ్ళ తరబడి వాయిదా వేశాను. రిటైరయ్యాక, మోకాళ్ళు పట్టేసిన వయసులో, ఒకనాడు పొద్దున బస్సెక్కాను. ఆ రోజు టికెట్లు రెండూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

నర్సమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. నన్ను చూసి విసుక్కుంది.

"మల్లెందుకొచ్చినవ్ బిడ్డా? పొద్దుగాల్నే చెప్పితి గదా!"

ఇప్పుడే బస్సు దిగానన్నాను. ఆమె పక్కనున్న ఖాళీ చాయ్ గ్లాసు చూపించింది. లోపలి నుంచి కోడలు కూడా వచ్చింది. "మీరే గద సారూ, గీ అంగీనే. చాయ్ తాగి ఏడ్సుకుంట పోతిరి" అంది.

ఇంకొక్కసారి చెప్పమని బతిమాలాను.

"అప్పజెప్పిన కబురు మల్ల ఎత్తద్దు. గది సంఘం కాయిదా. ఇన్నేండ్లు మోసిన, ఇయ్యాల బరువు దిగింది."

కాళ్ళు పట్టుకున్నా వినక, మళ్ళీ కందులు చెరగసాగింది. తిరుగు బస్సులో నా మీద నాకే ఒళ్ళు మండింది. అమ్మకు ఏం మొహం పెట్టుకుని చెప్పాలి?

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో దండెం మీద గొంగడి ఆరేసి ఉంది. అమ్మ కడుపునిండా తిని కూర్చుంది. ఎవరు తీశారని అడిగాను.

"నువ్వొచ్చి చెప్పినంక నేనే తీసిన."

"నేనేం చెప్పిన అమ్మా?"

"నువ్వే చెప్పి నన్నే అడుగుతవేంది? బాగ అలిసినవ్. కాళ్ళు కడుక్కొని జరంత తిను."

తర్వాత ఎన్నిసార్లు అడిగినా పరాచికాలాడుతున్నానని నవ్వేది. ఆ చలికాలంలోనే, ఆ గొంగడి కప్పుకుని నిద్రలో పోయింది.

నర్సమ్మ, కోడలు, అమ్మ. ముగ్గురూ వచ్చింది నేనేనన్నారు. మూడు నోళ్ళు కలిశాయి. నేను మాత్రం వినలేదు, చెప్పలేదు. బాపు పంపిన మాటేమిటో ఇప్పటికీ నాకొక్కడికే తెలియదు.