లేకపోతే మాస్టారు

ఆఫీసులో అందరూ ఆయన్ను లేకపోతే మాస్టారు అనేవారు. ఏ మాట చెప్పినా "అది లేకపోతే?" అని అడగనిదే ఆయనకు పొద్దు గడవదు. లిఫ్టులో వెళ్దామంటే "కరెంటు లేకపోతే?" అని నాలుగంతస్తులూ ఎక్కి వస్తారు. "మీరు నాకు నచ్చారు" అన్న పాపానికి కాబోయే భార్యనే "నచ్చకపోతే?" అని అడిగి, పెళ్లి చెడగొట్టుకోబోయారట.

భర్త పోయిన ఎనిమిది నెలలకు ఒకామె ఆ ఆఫీసులో కొత్తగా చేరింది. వెబ్ పేజీలు రాసే భాష కొత్తవాళ్లకు నేర్పడం మాస్టారి పని.

"ఈ భాషకు చాదస్తం ఎక్కువమ్మా, నాలాగే. ఏ డబ్బాలో ఏం పెడతావో ముందే చెప్పాలి. అంకెల డబ్బాలో పేరు పెడితే ఇక్కడే పట్టేసుకుంటుంది. జనం ముందు పరువు పోయేదాకా ఆగదు."

"డబ్బా ఖాళీగా ఉంటే సార్?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "అదీ ముందే చెప్పాలి. డబ్బా పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు."

ఆమెకిచ్చిన మొదటి పని ఒక బడి ప్రవేశ దరఖాస్తు పేజీ. సోమవారం తన కూతురి దరఖాస్తు కూడా అందులోనే పంపాలి. రాసి చూపిస్తే మాస్టారు వెనక్కి పంపారు. "తండ్రి లేకపోతే?" ఆమె తండ్రి పేరు గడి ముట్టుకోకుండా మళ్లీ ఇచ్చింది. మళ్లీ వెనక్కే. మూడోసారికి ఆమెకు ఓపిక చచ్చింది.

"తండ్రి లేని పిల్లలు ఎక్కడైనా ఉంటారా సార్?"

అన్నాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. అక్కడ ప్రశ్న గుర్తు పెడితే మనిషి నిజంగానే పోయినట్టవుతుందని ఇన్నాళ్లూ ఆమెకు చెయ్యి ఆడలేదు. దుఃఖం పొంగుకొచ్చింది.

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఉంటారమ్మా. నేనున్నాను. ఆ గడి నింపలేదని నన్ను రెండేళ్లు బడిలో చేర్చుకోలేదు. మా అమ్మ ప్రతి ఏడూ అదే కాగితం పట్టుకుని తిరిగొచ్చేది."

అంతకు మించి ఆయన ఆమెను ఏమీ అడగలేదు. అంత చిన్న గుర్తు పెట్టడానికి ఆమెకు అరగంట పట్టింది.

సోమవారం కూతురి వివరాలు నింపింది. తండ్రి గడి ఖాళీగా వదిలితే పేజీ కిమ్మనలేదు. చివర్లో, అవసరానికి పిలవాల్సిన రెండో మనిషి ఫోను నంబరు. అదీ వదిలేసింది.

"లేకపోతే?" వెనక నుంచి మాస్టారి గొంతు.

"లేకపోతే ఖాళీయే కదా సార్, మీరు నేర్పిందే."

"లేనప్పుడు ఖాళీ. ఉన్నప్పుడు రాయాలి" అని తన నంబరు చెప్పి రాయించారు. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగారు.

"నేను ఎత్తకపోతే? మా ఆవిడ నంబరు కూడా రాసుకో."

అక్కడ ఒక్క నంబరుకే చోటుంది. ఆమె పేజీలో ఇంకో గడి చేర్చి, దాని పక్కన ప్రశ్న గుర్తు పెడుతూ, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.