'వాకిట్లో అతిథి' ఆఖరి చరణం

మెజియాన్ బాబాయ్ పొద్దున్నే కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కిటికీ మూస్తాడు. ఆ తర్వాతే టేపు పెడతాడు. ఆగస్టు ఎండకి మా బాబ్ ఎల్ వెద్ పేట మేడలన్నీ రొట్టెల పొయ్యిలా కాగుతున్నా సరే, ముందు అద్దాల రెక్కలు, తర్వాత చెక్క తలుపులు, కింద సందులో ఒక పాత తువ్వాలు. పాట వీధిలోకి పోకూడదు. "ఊరికే వినడానికి వాళ్లేమైనా పెళ్లికొచ్చారా?" అంటాడు.

ఆయనది మూడో అంతస్తు, మాది నాలుగు. ఇన్నేళ్లలో ఆయన పాటల్లో నాకు వినబడినవి దర్బూకా డప్పు దెబ్బలు మాత్రమే. గోడ అవతల ఎవరో పిండి పిసుకుతున్నట్టు మెత్తగా వచ్చేవి. మెట్ల మీద ఎదురైతే ఆయన పలకరించడు. పిల్లలు బంతి ఆడుతుంటే నీళ్లు పోస్తాడు. ఆయనంటే ఇష్టమున్న మనిషిని నేను చూడలేదు, నాక్కూడా ఇష్టం లేదు. అయినా ఈ మేడలో కథంటూ ఉన్న మనిషి ఆయనొక్కడే.

పొగాకు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. అది జీతం కోసం. బతికింది మాత్రం షాబీ పాట కోసం, అందులోనూ షేఖ్ బెనయ్యాద్ కోసం. షేఖ్ అంటే ఇక్కడ పాటలో పెద్దవాడని. పెళ్లిలో, సున్నతి విందులో మగవాళ్ల మధ్య మాండోల్ అనే తీగల వాద్యం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఒక్కో పాట గంటసేపు నడుస్తుంది. ఆయన కాళ్ల దగ్గర టేపు రికార్డర్లు పెట్టుకుని కొందరు కూర్చుంటారు. పెళ్లికొడుకు ఎవరో కూడా వాళ్లకు అక్కర్లేదు.

షాపులో దొరికే క్యాసెట్లంటే బాబాయ్‌కి చులకన. "స్టూడియోలో పాడింది ఐసు పెట్టిన చేప. కన్ను తెరిచే ఉంటుంది, ప్రాణం ఉండదు." అయినా షేఖ్ క్యాసెట్లన్నీ కొన్నాడు, కొని తిట్టాడు. ఆకుపచ్చ అట్టది ఒక్కటి పరవాలేదట. అందులో మొదటి వైపు బాంజో వాయించినవాడికి ఆ రోజు జ్వరం, అందుకే అతితెలివి లేకుండా వాయించాడట. పారిస్‌లో వయొలిన్లు పెట్టి చేసిన క్యాసెట్‌ని అల్మరాలో గోడకేసి తిప్పి ఉంచాడు, శిక్ష వేసిన పిల్లాడిలాగా. ఆయనకి నిజంగా కావలసినవి ఆయన స్వయంగా పట్టినవి. బ్లీదా నారింజ తోటలో వాన మొదలైనా షేఖ్ ఆపని పాట. బొలోగిన్‌లో పెళ్లికూతురి మేనమామకీ వరుడి తండ్రికీ కుర్చీలతో కొట్లాట జరుగుతుంటే, వాళ్ల అరుపుల మీదుగానే షేఖ్ గొంతు పెంచి వాళ్లని కూర్చోబెట్టిన పాట. "అది కచేరీ అంటే. కొట్టుకునేవాళ్లు కూడా తాళం తప్పలేదు." ఆయన ముఖంలో నవ్వు కనబడేది ఆ ఒక్క మాట దగ్గరే.

ఆ టేపులు ఎవరికైనా కాపీ ఇవ్వాల్సి వస్తే, మంచి చోటు చూసి మైకులో తన పేరు చెప్పేవాడు. "ఇది మెజియాన్ టేపు." షేఖ్ గొంతు అప్పుడే కొండెక్కుతూ ఉంటుంది, మధ్యలో ఈయన. ఇలా చేసేవాడు ఆయనొక్కడే కాదు. అభిమానులందరూ ఒకరి టేపు ఒకరికి దక్కకుండా చేయడంలోనే ముసలివాళ్లయ్యారు.

అందరిలోకీ ఈయనకి బద్ధశత్రువు జుబీర్. మా వీధి చివర సెలూన్ అతనిదే. ఇద్దరూ ఒకే బడి, ఒకే షేఖ్, ఎప్పుడూ పక్కపక్కన రికార్డర్లు. ఒకడు బ్యాటరీలు మార్చుకునేటప్పుడు రెండోవాడి టేపులో పడేలా దగ్గేవాడు.

ఇక 'వాకిట్లో అతిథి' సంగతి. అదొక పాత పాట. ఒకతను ఒక ఇంటి వాకిట్లో రాత్రంతా నిలబడి తలుపు తియ్యమని బతిమాలతాడు. చరణం చరణానికీ రాత్రి గడుస్తుంది, చలి పెరుగుతుంది. ఆఖరి చరణం ఎవరూ పాడరు, ఎందుకంటే ఎవరికీ రాదు. షేఖ్ బెనయ్యాద్‌కి ఒక్కడికే వచ్చు. ఆయన గురువు చనిపోయే ముందు చెవిలో చెప్పాడట. శిష్యులు కాళ్లు పట్టుకున్నా షేఖ్ ఇవ్వలేదు. "పాడే రోజు పాడతాను" అనేవాడు.

పాడాడు, ఒక్కసారి. కర్ఫ్యూ ఏళ్లవి. చీకటి పడితే ఊరు తలుపులేసుకునేది కాబట్టి పెళ్లిళ్లు మధ్యాహ్నాలకి మారాయి. ఒక డాబా మీద, మిట్టమధ్యాహ్నం, దుప్పట్లు కట్టిన నీడలో షేఖ్ పాట ఎత్తుకున్నాడు. తెలిసిన చరణాలన్నీ అయ్యాక ఆపలేదు. మాండోల్ మీద చెయ్యి అలాగే నడుస్తోంది. డాబా అంతా బిగుసుకుపోయింది. అప్పుడు జుబీర్ తన రికార్డర్‌ని మోకాలితో జానెడు ముందుకి నెట్టాడు, మెజియాన్ రికార్డర్‌కి అడ్డంగా. షేఖ్ ఆఖరి చరణం అందుకున్నాడు. అందరికీ వినిపించేటంత గట్టిగా మెజియాన్ గొంతు, "డబ్బా అవతల పెట్టు, గాడిదా" అంది.

షేఖ్ ఆగలేదు. చరణం పూర్తిచేసి, మాండోల్ పక్కన పెట్టి, భోజనానికి కూడా ఉండకుండా వెళ్లిపోయాడు. ఆ చలికాలంలోనే గుండె ఆగి పోయాడు. ఆ చరణం మళ్లీ పాడలేదు.

ఆ రోజు నుంచి జుబీర్ సెలూన్‌లో కూర్చున్న ప్రతి గడ్డానికీ ఈ కథ దొరికింది. మెజియాన్ కావాలనే జుబీర్ మైకులోకి వంగి అరిచాడని, ఆ టేపు పాడుచేసి చరణం ఒంటరిగా దాచుకున్నాడని. బాబాయ్ కాదనలేదు. "నా టేపు శుభ్రంగా ఉంది. అంతవరకే చెప్తాను" అనేవాడు. తిట్టుకుంటూనే జనం ఆయనకి జాగా ఇచ్చేవారు. కుర్ర గాయకులు మక్రూత్ మిఠాయి పట్టుకుని మెట్లెక్కేవారు. మిఠాయి లోపలికి వెళ్లేది, గాయకుడు బయటే ఉండేవాడు.

షేఖ్ పోయి పాతికేళ్లయిన ఏడు ఆయన కూతురు నఫీసా వచ్చింది. లెక్కల టీచరు. పెళ్లిళ్ల టేపులు పోగుచేసి తండ్రి పాటలు ఆల్బంగా తెస్తోంది. బెల్లు పాడైందేమో, పైకొచ్చి నన్నడిగింది. తీసుకెళ్లి బాబాయ్ భార్య వర్దియా పిన్నికి అప్పగించాను. పిన్ని నన్ను వదల్లేదు. కాఫీ పళ్లెం నా చేతిలో పెట్టి, తనూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా నాన్న గొంతు కోసం వచ్చాను మెజియాన్ గారూ. మీ అల్మరాలో ఉందట కదా" అంది నఫీసా.

"మీ నాన్న పోయిన రోజు మీ అన్న నన్ను గడప తొక్కనివ్వలేదు. గుర్తుందా?"

"ఉంది. రికార్డర్ పట్టుకుని వచ్చారు, అందుకే."

"ఖురాన్ చదివినవాడి గొంతు మంచిది."

"శవం పక్కన కూడా వదల్లేదన్నమాట."

బాబాయ్ కాఫీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు. ఆమె కప్పు ముట్టుకోలేదు.

"'వాకిట్లో అతిథి' ఆఖరి చరణం కావాలి. జుబీర్ గారు తన టేపు ఇస్తానన్నారు. అందులో చరణం ఉంది, మీరూ ఉన్నారు. మీది శుభ్రంగా ఉందంటారు కాబట్టి ముందు మిమ్మల్నడుగుతున్నాను. శుక్రవారం దాకా చూస్తాను. మీరిస్తే మీ టేపు. లేకపోతే జుబీర్ గారిది, మీ గాడిదతో సహా."

"వాడి టేపు వేశావంటే కోర్టుకెక్కుతాను."

"ఎక్కండి. ఆ గొంతు మీదేనని జడ్జి ముందు ఒప్పుకోవాలి మరి."

"చూడమ్మా, నా టేపు నేను ఎవరికీ..."

"ఇవ్వొద్దులే. పెట్టి వినిపించు" అంది పిన్ని గుమ్మంలోంచి.

"నువ్వు లోపలికి పో."

"నలభై ఏళ్లనుంచి లోపలే ఉన్నాను, కిటికీలు మూసుకుని. నువ్వు పెడతావా, నన్ను చెప్పమంటావా?"

బాబాయ్ కదల్లేదు. పిన్ని నఫీసా వైపు తిరిగింది. "ఆ చరణం దగ్గర పాట లేదు తల్లీ. గుడ్డ రుద్దినట్టు గరగరమంటుంది. ఈయన చెయ్యి అది."

జరిగింది పిన్నే చెప్పింది, కూరగాయల ధర చెప్పినట్టు. ఈయన వంగి జుబీర్ మైకులో అరిచేటప్పుడు, ఆ అరుపు తన టేపులో పడకూడదని తన మైకుని అరచేత్తో మూశాడు. అరుపు పడలేదు. చరణం కూడా పడలేదు. కోపం దిగి చెయ్యి తీసేసరికి షేఖ్ ఆఖరి తీగ మీటుతున్నాడు.

నఫీసా టేపు పెట్టమంది. ఈసారి బాబాయ్ లేచి, ముందు కిటికీ మూసి, పెట్టాడు. షేఖ్ గొంతు గదిలోకి వచ్చింది. అంత దగ్గరగా, అంత శుభ్రంగా నేనెప్పుడూ వినలేదు. ఊపిరి తీయడం, ఉంగరం మాండోల్ చెక్కకి తగలడం కూడా వినబడుతున్నాయి. రాత్రి గడిచే చరణాలు గడిచాయి. తర్వాత గరగర. బావి అడుగునుంచి ఎవరో పిలుస్తున్నట్టు ఏదో ఉంది, మాట తెలియదు. తర్వాత ఒక్కసారిగా తీగ, దర్బూకా, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ వేసే జగ్రూత కేకలు.

"పాతికేళ్లు దాచింది ఇదా?" అంది నఫీసా.

ఆయన టేపు ఆపి, క్యాసెట్ తీసి అట్టపెట్టెలో పెట్టాడు.

"మా నాన్నా ఇంతే. చచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు. మీకూ ఆయనకీ బాగా కుదిరింది." ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఇప్పుడు మిషన్లు వచ్చాయి కదా. జుబీర్ గాడి టేపులో ఆ మాట కోసెయ్యొచ్చు" అన్నాడు బాబాయ్.

"కనుక్కున్నాను. కోస్తే కింద ఉన్న పాట పాదం కూడా పోతుంది."

"అయితే ఆ పాట వెయ్యకు. ఇన్నేళ్లు లేకుండా బతికారు కదా జనం."

నఫీసా తలుపు తీసింది. "ఇదే మాట మొదటే చెప్తే మెట్లెక్కే శ్రమ తప్పేది" అని వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం మెజియాన్ బాబాయ్ జుబీర్ సెలూన్‌కి వెళ్లాడు. పాతికేళ్లుగా ఆ గుమ్మం ఎదురుగా నడవకుండా వీధి దాటి అవతలి వైపు నుంచి పోయేవాడు. మా తమ్ముడు అప్పుడు కుర్చీలో ఉన్నాడు, ముఖం నిండా నురగతో. జరిగిందంతా వాడు చెప్పిందే.

"గడ్డమా, జుట్టా?" అన్నాడు జుబీర్ అద్దంలోంచే.

"టేపు ఆ పిల్లకివ్వకు. నాకివ్వు."

"ఎందుకు, నీది శుభ్రంగా ఉందిగా?"

"బదులుగా నా అల్మరాలో ఏదైనా తీసుకో."

"ఏదైనా?"

"ఏదైనా. బ్లీదాది తీసుకో. వానది."

కత్తి మా తమ్ముడి మెడ మీద ఆగిపోయింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు పేపరు దించారు. బ్లీదా టేపు కోసం జుబీర్ ఒకప్పుడు ఈయన అత్తగారి చేత కూడా చెప్పించాడు.

జుబీర్ కత్తి తుడిచాడు. "ఎడమవైపు ఇంకొంచెం తగ్గించనా?" అని మా తమ్ముణ్ణి అడిగాడు. తర్వాత మెజియాన్ వైపు తిరిగి, అదే ఈడ్పుతో, అదే గొంతుతో, "డబ్బా అవతల పెట్టు, గాడిదా" అన్నాడు.

బెంచీ మీదవాళ్లు నవ్వారు. మా తమ్ముడూ నవ్వాడు, మెడ తెగింది. బాబాయ్ బయటికి నడిచాడట.

ఆల్బం వచ్చింది. 'వాకిట్లో అతిథి' అందులో చివరి పాట. జుబీర్ టేపే వేశారు. ఆఖరి చరణంలో తెల్లవారుతుంది. తలుపు తెరుచుకుంటుంది. లోపలి నుంచి ఒక ఆవిడ "ఎవరు కావాలి?" అని అడుగుతుంది. అతిథి జవాబు చెప్తాడు. సరిగ్గా ఆ జవాబు మీదే "డబ్బా అవతల పెట్టు, గాడిదా". ఆ తర్వాత షేఖ్ గొంతు, అలా చెప్పి అతను వచ్చిన దారినే వెళ్లిపోయాడని.

అతిథి ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. ఆ రోజు డాబా మీద ఉన్నవాళ్లలో మిగిలినవాళ్లు తలో మాటా చెప్తారు. "ఎవరూ వద్దు అన్నాడు" అంటాడు ఒకాయన. "ఆవిడ పేరు చెప్పాడు" అంటాడు ఇంకొకాయన. జుబీర్ రోజుకో రకంగా చెప్తాడు. మెజియాన్‌ని అడిగితే లాభం లేదు. అందరికన్నా దగ్గరగా కూర్చున్నది ఆయనే, ఆ క్షణాన మాట్లాడుతున్నదీ ఆయనే.

కుర్ర గాయకులు ఇప్పుడు పెళ్లిళ్లలో ఆ పాట పూర్తిగా పాడుతున్నారు. ఆవిడ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతారు. మాండోల్ ఒక్కటే నడుస్తుంది. అప్పుడు విందుకొచ్చిన మగవాళ్లంతా ఒకే గొంతుతో గాడిదని పిలుస్తారు, గాయకుడు తల ఊపి ముగింపు అందుకుంటాడు. అది బూతులా ఉందని మొదట్లో పెద్దలు కసిరారు, ఇప్పుడు వాళ్లూ కలుస్తున్నారు. పోయిన నెల మా ఎదురు మేడ డాబా మీద పెళ్లి జరిగింది. మూడో అంతస్తు కిటికీ మూసే ఉంది. వంద గొంతులకి ఆ చెక్క తలుపులు ఏం ఆగుతాయి?

వర్దియా పిన్ని రెండేళ్ల క్రితం ఊరి అవతలి చివర కుబా పేటలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ గదికి రెండు కిటికీలున్నాయని, రెండూ తెరిచే ఉంచుతానని మా అమ్మకి ఫోన్లో చెప్పింది. మెజియాన్ బాబాయ్‌కి ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. ఒక్కడే ఉంటాడు. పొద్దున సంతకెళ్లి సార్డీన్ చేపలు బేరమాడి తెచ్చుకుని, తనే శుభ్రం చేసుకుని వేయించుకుంటాడు. పెళ్లిళ్లకి ఆయన్ని ఎవరూ పిలవరు.