సలోమమ్మ ఇంటి షియా వెన్న

ఈ మధ్య ఒక ఉదయం శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, విదేశాల నుంచి వచ్చేవాళ్లు దిగే వైపు ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళుతున్నాను. నడవలేని ప్రయాణికులను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లడం నా ఉద్యోగం. సామాన్లు వచ్చే చోట ఒక ఆఫ్రికా తల్లి పసిబిడ్డను ఒళ్లో వేసుకుని, చిన్న డబ్బాలోంచి లేతపసుపు ముద్ద వేలితో తీసి, రెండు అరచేతుల మధ్య కరిగించి, బిడ్డ కాళ్లకు పూస్తోంది. ఆ వాసన నన్ను చేరేసరికి నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. వేరుశెనగలు వేయించిన మూకుడు కడగకుండా వదిలేస్తే మర్నాడు వచ్చే వాసన అది. కొంచెం పొగ, కొంచెం నూనె. చుట్టూ ప్రకటనలు, పెట్టెల చప్పుడు, జనం, అన్నీ ఉన్నాయి. నేను మాత్రం ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న మా ఊరు మామిడిపల్లిలో, సలోమమ్మ ఇంటి వసారాలో, ఎండాకాలం మధ్యాహ్నం సగం నిద్రలో ఉన్నాను.

మీరు సలోమమ్మను చూసి ఉండరు. ఘనా దేశంలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసి, పదవీ విరమణ అయ్యాక సొంత ఊరని మామిడిపల్లికి వచ్చి, మా గల్లీ చివర రెండు గదుల ఇల్లు కట్టుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. మిగతా రోజుల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పుండు మానకపోయినా వాళ్లింటికి పోయేది. విదేశం నుంచి వస్తోందంటే పెట్టెలనిండా బంగారం తెస్తుందని ఊరంతా ఆశగా చూసిందట. ఒక పెట్టె తెరిస్తే అందులో సగం ఈ ముద్దే ఉంది. షియా అనే చెట్టు గింజల నుంచి తీసే వెన్న అని ఆమె చెబితే, ఇంత దూరం వెన్న మోసుకొచ్చే పిచ్చివాళ్లు ఎవరైనా ఉంటారా అని మా నాయనమ్మ చాలా రోజులు నవ్వింది. ఆ వెన్న అయిపోయినప్పుడల్లా, అక్కడ ఆమెతో కలిసి పనిచేసిన అదీసా అనే నర్సు మళ్లీ పంపేది. హైదరాబాదుకు వైద్యం కోసం వచ్చే వాళ్ల దేశస్థులు ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేవారు.

నా చర్మం గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. పుట్టినప్పటి నుంచీ నా ఒళ్లు పొడిబారి, పొలుసులు లేస్తూ ఉండేది. చేతులైతే మరీ. చలికాలం వేళ్ల కణుపుల దగ్గర పగిలి రక్తం కారేది. పుట్టుకతో వచ్చిందనీ, ఎవరికీ అంటుకోదనీ, పూర్తిగా పోదనీ డాక్టరుగారు మొదట్లోనే చెప్పారు. అంటుకోదన్న మాట మాత్రం మా చుట్టాలెవరి చెవినీ పడలేదు. నేను ఇంటర్ చదువుతుండగా మేనత్త కూతురి పెళ్లికి నలుగు పెడుతున్నారు. ఆడవాళ్లంతా వరసగా వచ్చి పెళ్లికూతురి చెంపలకు, చేతులకు పిండీ పసుపూ పూస్తున్నారు. నా వంతు రాగానే మేనత్త నలుగుపిండి పళ్లెం తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు గిది పట్టుకో బిడ్డా, జారుతది" అంది. అది ఎక్కడా జారేది కాదు, అప్పటిదాకా పీట మీద బుద్ధిగానే ఉంది. నేను ఆ పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. అందరూ పూయడం అయ్యేదాకా నిలబడే ఉన్నాను. ఆ తర్వాత ఎవరి ముందూ చేతులు చాపకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. చున్నీ కింద దాచుకోవడం బాగా అలవాటైంది.

ఆ నలుగులో సలోమమ్మ కూడా ఉంది. మర్నాడు నేను ఆమె ఇంటి ముందు నుంచి పోతుంటే పిలిచింది. వసారాలో చాప మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతుల మీద పోసింది. తుడుచుకోబోతే ఆపింది.

"తుడువకు. తడి ఉండంగనే పెట్టాలె. చెయ్యి ఇట్ల తే."

నేను ఇవ్వలేదు. "పెద్దమ్మా, పొలుసులు రాలుతయి" అన్నాను.

"రాలనీ. నా చాప, నా చీపురు. నీకేంది పరేషాన్?"

గోరంత వెన్న తీసి ముందు నా మోచేతి మడతలో చుక్క పెట్టింది. పడనివాళ్లు కొందరుంటారని, ఒకరోజు చూసి మిగతాది పూస్తానని పంపేసింది. మర్నాడు ఏమీ కాలేదని చూశాక, అరచేతుల్లో కరిగించి నా రెండు చేతులకూ మోచేతి దాకా పూసింది. అమ్మ తర్వాత నా చేతులను అంతసేపు పట్టుకున్న మనిషి ఆమే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది మందు గాదు బిడ్డా. దవాఖాన మందు దవాఖానదే, అది బంద్ జెయ్యకు. తడిని తోలుల నుంచి పోనియ్యదు, గంతే దీని పని. మీ బాపు టమాట మళ్లల్ల గడ్డి పరుస్తడు గదా, ఎందుకు? గట్లనే" అంది. రోజూ స్నానం చేయగానే పూసుకోవాలనీ, ఒక్కనాడు మానినా చర్మం మళ్లీ మొదటికొస్తుందనీ చెప్పి, చిన్న స్టీలు డబ్బా నిండా ఇచ్చింది.

ఆ డబ్బా మా ఇంట్లో రెండో రోజే ప్రమాదంలో పడింది. నాయనమ్మకు చూపు ఆనదు. వంటింటి గూట్లో డబ్బా చూసి, వెన్నపూస అనుకుని, వేడివేడి జొన్నరొట్టె మీద ఇంత ముద్ద వేసి బాపుకు పెట్టింది. బాపు సగం తిని, "వెన్న కాచిన గిన్నె మాడిందా ఏందే, పొగ వాసనొస్తున్నది" అన్నాడు. నేను గూట్లో చూసేసరికి డబ్బా సగం ఖాళీ. ఒంటికి పూసుకునే మందు మింగించామని ఇంట్లో ఒకటే గోల. బాపు ముఖం పాలిపోయింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా సలోమమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె అంతా విని, గోడ పట్టుకుని నవ్వింది. "ఏం గాదు పోయే. ఆడ కూరలల్ల ఏసుకుంటరు. అయితే మీ బాపుకు లోపటి నుంచి మెరుపొస్తదేమో సూడుండ్రి" అంది. ఆ రాత్రి బాపు హాయిగా నిద్రపోయాడు. కొన్నాళ్ల తర్వాత, ఆ రొట్టె రుచి బాగానే ఉండెనని కూడా గొణిగాడు.

ఎండాకాలం వచ్చేసరికి డబ్బాలో వెన్న నూనెలా కరిగింది. చల్లబడ్డాక గట్టిపడింది కానీ ఇసుక కలిపినట్టు పలుకులు పలుకులుగా అయింది. చెడిపోయిందనుకుని భయపడుతూ తీసుకెళ్లాను. సలోమమ్మ డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి నెమ్మదిగా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టింది. మెల్లగా ఆరితే పలుకు కడుతుంది, తొందరగా చల్లారితే నున్నగా ఉంటుంది, అంతే తేడా అంది. అది గడ్డకట్టే వరకు ఇద్దరం వసారాలో నడుం వాల్చాం. నెత్తిమీద నుంచి విమానాలు దిగుతున్నాయి. ఒక్కొక్క నీడ పెరటి గోడ మీదుగా, ఆరేసిన చీరల మీదుగా, మా పాదాల మీదుగా జారిపోతోంది. ఆమె కళ్లు మూసుకుని అక్కడి సంగతులు చెబుతోంది. ఆ చెట్లను ఎవరూ నాటరట. పొలాల మధ్య వాటంతట అవే పెరుగుతాయట. తొలకరిలో పండ్లు రాలితే ఆడవాళ్లు చీకటితోనే గంపలు పట్టుకుని పోతారట. గుజ్జు తిని, గింజలు ఉడికించి, ఎండబెట్టి, దంచి, వేయించి, నూరి, ఆ ముద్దను గంగాళంలో వేసి, నీళ్లు పోస్తూ, చేతులు మోచేతుల దాకా ముంచి గిలకొడతారట. గోధుమరంగు ముద్ద తెల్లబడి పైకి తేలేదాకా పాడుతూనే ఉంటారట. దుమ్ముగాలి వీచే కాలంలో పెదవులకు, ముక్కుపుటాలకు, పుట్టిన బిడ్డ ఒంటికి, ముసలివాళ్ల మోకాళ్లకు, అన్నింటికీ అదే. విమానం చప్పుడొచ్చినప్పుడల్లా ఆమె మాట ఆపి, అది పోయాక అక్కడి నుంచే అందుకునేది. నాకు నిద్రా మెలకువా తెలియలేదు. ఆ పాడే ఆడవాళ్లు మా పెరట్లోనే ఉన్నట్టు, నా చేతులు కూడా ఆ గంగాళంలో ఉన్నట్టు అనిపించింది.

డిగ్రీ అయ్యాక నాకు ఎయిర్‌పోర్టులో ఈ ఉద్యోగం దొరికింది. మనుషుల చేతులు పట్టుకోవాల్సిన పని నేనెందుకు ఎంచుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. చేతులకు తొడుగులు ఇస్తారని విని ధైర్యం చేశానేమో. షియా వెన్నతో పగుళ్లు చాలా తగ్గాయి, రక్తం రావడం ఆగింది. పొలుసులు మాత్రం ఉన్నాయి. కొత్తలోనే ఒకరోజు, పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడను కుర్చీలోంచి లేపబోతే, తొడుగు అంచు దగ్గర నా మణికట్టు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మాయీ, ఏమీ అనుకోకు. ఇంకెవరినైనా పంపిస్తావా?" అంది మర్యాదగానే. నేను ఇంకెవరినో పంపించాను. సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా సలోమమ్మ దగ్గరికి పోయి, రేపటి నుంచి పనికి పోనని చెప్పాను. చేతులే కాదు, అసలు నేనే మనుషుల మధ్య తిరగడానికి పనికిరానేమో అన్నాను.

ఆమె నన్ను ఓదార్చలేదు. చాప మీద కాళ్లు చాపింది. ఆమె మడమలు నా చేతుల కంటే ఘోరంగా పగిలి ఉన్నాయి. ఊరందరి ఒళ్లూ చూసే మనిషి తన కాళ్లు చూసుకోలేదు. వంగడం ఎప్పుడో మానేశాయి ఆమె మోకాళ్లు.

"జర పెట్టు, అందుతలేదు" అంది.

"నా చేతులతోనా?"

"మరి మీ నాయనమ్మ చేతులతోనా? ఆమె నా కాళ్లకు రొట్టె తినిపిస్తది."

ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమె మడమలు కడిగి, తడి ఆరకముందే వెన్న కరిగించి పూశాను. పగుళ్లలోకి బొటనవేలితో నొక్కి నొక్కి పూశాను. నా గరుకు వేళ్లు హాయిగా ఉన్నాయనీ, మెత్తని చేతులైతే జారిపోతాయనీ అంది. అబద్ధమే అయ్యుంటుంది. కాసేపటికి కళ్లు మూసుకుంది. "తొడుగులు తొడుక్కో బిడ్డా, తప్పు లేదు. సిగ్గుకు మాత్రం తొడుక్కోకు" అని, అలాగే కూర్చుని నిద్రపోయింది. ఒక మనిషికి నా చేతుల వల్ల నొప్పి తగ్గి నిద్ర పట్టడం నేను మొదటిసారి చూశాను. మర్నాడు పనికి పోయాను. తొడుగులతోనే పోయాను.

కొన్నేళ్లకు అదీసా జబ్బుపడి, ఒకసారి చూసి పొమ్మని కబురు పెట్టింది. వయసు మీద పడిందని అందరూ వద్దన్నా సలోమమ్మ బయల్దేరింది. విమానం దాకా నేనే తోసుకెళతానని ఆ రోజు డ్యూటీ అడిగి వేయించుకున్నాను. దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది, అద్దాల్లోంచి మామిడిపల్లి ఎటువైపు ఉంటుందో నన్ను అడుగుతూ. విమానం తలుపు దగ్గరికి చేరాం. కుర్చీ అక్కడి వరకే. గడప దాటి నాలుగడుగులు నడవాలి. ఆమె లేవలేదు. చూస్తే, రెండు చేతులూ కొంగు కింద ఉన్నాయి. కొంగు అదురుతోంది. ఆ వణుకు ఎన్నాళ్ల నుంచి ఉందో నాకు తెలియదు. నాకు తెలియకూడదనే దాచిందని మాత్రం అప్పుడర్థమైంది. చేతులు దాచుకోవడం ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? వెనక ప్రయాణికులు ఆగి చూస్తున్నారు. నేను తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాను. ఆమె ముందు మోకాలి మీద కూర్చుని, పొలుసుల అరచెయ్యి తెరిచి చాపాను. అంతమంది చూస్తుండగా, ఎవరూ అడగకుండా, నా అంతట నేను ఒకరికి చెయ్యి చాపడం అదే మొదలు.

ఆమె నా చేతిని చూసింది. "నా చెయ్యి వణుకుతున్నది బిడ్డా" అంది చిన్నగా.

"వణుకనీ పెద్దమ్మా. మనం పోదాం."

కొంగు కింద నుంచి చెయ్యి బయటికి రావడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. వచ్చింది. ఆ నాలుగడుగులూ ఇద్దరం కలిసి నడిచాం. విమానంలో పనిచేసే అమ్మాయికి ఆమెను అప్పగించాక కూడా నా వేళ్లు వదలడానికి ఆమెకు మనసు రాలేదు. నాకూ రాలేదు.

ఆమె తిరిగి రాలేదు. అదీసా కోలుకుంది. సలోమమ్మే అక్కడ, ఆ స్నేహితురాలి ఇంట్లో, ఒక మధ్యాహ్నం నిద్రలో పోయిందని ఇక్కడున్న సలోమమ్మ తమ్ముడికి ఫోన్ వచ్చింది. ఆ చెట్లున్న ఊళ్లోనే పూడ్చారట. నేను ఎయిర్‌పోర్టు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని బాగా ఏడ్చాను. ఆమె పాదాలకు చివరిసారి ఎవరు వెన్న పూశారో, అసలు పూశారో లేదో, అదొక్కటే ఎందుకో ఆ రోజంతా మనసులో తిరిగింది.

నీ చర్మం నయమైందా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. కాలేదు. కాదని డాక్టరుగారు ముందే చెప్పారు, సలోమమ్మా చెప్పింది. రోజూ స్నానం కాగానే తడి ఒంటికి షియా వెన్న పూసుకుంటాను, ఇప్పుడది బజారులో కూడా దొరుకుతోంది. పని అవసరమైతే తొడుగులు వేసుకుంటాను, లేకపోతే లేదు. కుర్చీలో ఉన్న ప్రతి మనిషికీ ముందు నేనే చెయ్యి చాపుతాను. చాలామంది పట్టుకుంటారు. కొందరు చూసి ఆగిపోతారు. వాళ్ల ముందు నా చెయ్యిని ఇంకొంచెంసేపు అలాగే ఉంచుతాను.