ఆకుపచ్చ దారాలు

ల్యాబ్‌లో అందరూ ఆవిడను పెద్దక్క అంటారు. మైక్రోస్కోపు ముందు కూర్చునేముందు గాజులు తీసి కోటు జేబులో వేసుకుంటుంది, చప్పుడుకు కణాలు ఉలిక్కిపడతాయేమో అన్నట్టు. చీకటి గదిలో నీలికాంతి వేయగానే మెరిసే రంగు పట్టించిన కణంలోని మైటోకాండ్రియా ఆకుపచ్చ దారాల్లా మెరుస్తూ, నీళ్లలో నాచులా మెల్లగా ఊగుతాయి. కణానికి సత్తువ ఇచ్చేవి అవే. వైరస్ సోకితే ముక్కలవుతాయి. బాగా పాడైన ముక్కను కణమే అరిగించుకుని, మిగిలినవాటిని మళ్లీ అతికించుకుంటుంది. ఆ అతుకు కోసమే ఆవిడ రెప్పవేయకుండా చూస్తుంది. "ఊఁ, కలవండర్రా," అని బతిమాలుతుంది కూడా.

ఓరోజు కూతురికి జ్వరం. మాటిమాటికీ నుదురు తాకి చూస్తుంటే, "నువ్వు లేపకపోతే నిద్రపోతాను కదమ్మా!" అని విసుక్కుని అటు తిరిగింది. పిల్లను వాళ్ల నాన్నకు అప్పజెప్పి ల్యాబ్‌కొస్తే, వైరస్ సోకని కణాలున్న గాజు డిష్‌లో కూడా దారాలు తెగిపోతున్నాయి. పక్కనున్న సహోద్యోగి తొంగిచూశాడు. "లైటు ఎంతసేపట్నుంచి వేసి ఉంచారు పెద్దక్కా? ఆ వెలుగుకే అల్లాడిపోతున్నాయి పాపం." ఆవిడ నాలుక కరుచుకుని లైటు ఆర్పేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని చీకట్లో కూర్చుంటే, ఎవరూ చూడని లోతులో దారం దారాన్ని వెతుక్కుంటున్నట్టు అనిపించింది. చాలాసేపటికి ఒక్క క్షణం వెలిగించి చూసింది. కొన్ని కలిశాయి. సాయంత్రం ఇంటికెళ్లి, కూతురి నుదుటి మీదికి వెళ్లబోయిన చేతిని వెనక్కి తీసుకుని, గది గుమ్మం బయట నేలమీద కూర్చుంది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానే. చూడట్లేదులే, పడుకో."